సేల్స్‌లో చేరనా, ఆపరేషన్స్‌లో చేరనా? కన్వెన్షన్ సెంటర్ ఉద్యోగం గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న నిన్న రాత్రే చూశాను. డ్యూటీలో ఉన్నాను కాబట్టి రాయడం కుదరలేదు. నువ్వు అడిగింది ఇదీ: బీబీఏ చదివి విజయవాడలో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో మూడేళ్ళు చేశావు. హైదరాబాద్‌లో ఒక కన్వెన్షన్ సెంటర్ వాళ్ళు రెండు ఉద్యోగాలు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి సేల్స్ ఎగ్జిక్యూటివ్, జీతం ఎక్కువ, పైన ఇన్సెంటివ్. రెండోది ఆపరేషన్స్ కోఆర్డినేటర్, నెలకి నాలుగు వేలు తక్కువ, రాత్రి డ్యూటీలు. ఇంట్లో వాళ్ళేమో "ఫంక్షన్ హాల్లో పని చెయ్యడానికి హైదరాబాద్ దాకా పోవాలా" అంటున్నారు. ఈ లైన్లో ఎదుగుదల ఉందా, కోర్సు ఏదైనా చెయ్యాలా, ఈవెంట్ కంపెనీలో చేరడం మేలా అని.

నేను 22 ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. బాంక్వెట్ డెస్క్ మీద, అంటే విందుల హాళ్ళు బుక్ చేసే చోట, ఫోన్లు ఎత్తడంతో మొదలుపెట్టి ఇప్పుడు ఒక సెంటర్ మొత్తం చూసుకుంటున్నాను. నా జవాబు ముందే చెప్తాను: ఆపరేషన్స్‌లో చేరు. ఆ నాలుగు వేల గురించి బాధపడకు. రెండు మూడేళ్ళు వెనక గేటు దగ్గర నిలబడి పని నేర్చుకున్నవాడు తర్వాత సేల్స్‌కి వెళ్తే బంగారం లాగా అమ్ముతాడు, ఎందుకంటే వాడికి ఏది మాట ఇవ్వొచ్చో ఏది ఇవ్వకూడదో తెలుసు. తిన్నగా సేల్స్‌లో చేరినవాడు కస్టమర్ అడిగినదానికల్లా సరే అనేసి, ఆ భారం రాత్రి రెండింటికి కుర్చీలు మోసే వాళ్ళ మీద వేస్తాడు. ఎందుకిలా అంటున్నానో కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఈవెంట్ కంపెనీకీ మనకీ ఉన్న తేడా. ఈవెంట్ కంపెనీ వాళ్ళు పెళ్ళివారి లాంటి వాళ్ళు, మనం ఇల్లుగలవాళ్ళం. వాళ్ళకి ఒక షో ఉంటుంది, అది అద్భుతంగా జరగాలి, అయిపోగానే సామాను లారీకెత్తుకుని ఇంకో ఊరు పోతారు. మనకి ఆ షో తర్వాత ఇంకోటి, దాని తర్వాత ఇంకోటి. గోడకి కొట్టిన మేకు, కార్పెట్ మీద పడ్డ పసుపు, పేలిపోయిన బ్రేకర్, ఇవన్నీ మనకే మిగులుతాయి. నీకు కొత్త కొత్త డిజైన్లు, స్టేజీలు, స్క్రిప్టులు ఇష్టమైతే ఈవెంట్ కంపెనీకే వెళ్ళు, తప్పేమీ లేదు. కానీ ఒక పెద్ద కట్టడాన్ని ఏళ్ళ తరబడి ఒక పద్ధతిలో నడపడం, వచ్చిన రెండు మూడు వేల మందిని చల్లగా కూర్చోబెట్టి, తిండి పెట్టి, క్షేమంగా ఇంటికి పంపించడం నీకు తృప్తినిచ్చే పని అనిపిస్తే ఇటు రా.

ఒక శనివారం రాత్రి ఎలా ఉంటుందో చెప్తాను, దీన్ని చూస్తే ఉద్యోగం మొత్తం అర్థమైపోతుంది. పోయిన మాఘమాసంలో ఒక రిసెప్షన్, 2,200 మంది. మర్నాడు ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అదే హాల్లో డాక్టర్ల సదస్సు, థియేటర్ పద్ధతిలో 1,200 కుర్చీలు. అగ్రిమెంట్ ప్రకారం రిసెప్షన్ పదకొండున్నరకి అయిపోవాలి. ఆఖరి ఫ్యామిలీ ఫోటో తీసేసరికి పన్నెండు నలభై. అప్పటికే వెనక గేటు దగ్గర డాక్టర్ల స్టేజీ సామాను లారీ వచ్చి నిలబడింది. డెకరేషన్ వాళ్ళు బంతిపూలు, థర్మోకోల్, ఫ్రేములు పీకి బయటికి మోస్తుంటేనే ఇంకో పక్క రౌండ్ టేబుళ్ళు మడిచి ట్రాలీల మీదికి ఎక్కించాలి. కార్పెట్‌లో అక్షింతలు ఇరుక్కుంటాయి, పసుపు బియ్యం అది, మామూలు చీపురుకి రాదు, వాక్యూమ్‌తో కూడా రెండుసార్లు లాగాలి. మైనం కారిన చోట వేడి ఇస్త్రీ పెట్టి కాగితంతో పీల్చాలి. బిర్యానీ వాసన పోవడానికి ఏసీని బయటి గాలి పూర్తిగా లాగేలా మార్చి రెండు గంటలు తిప్పాలి, తలుపులు తెరిస్తే పోతుందనుకుంటారు, పోదు. మూడున్నరకి తాడు లాగి కుర్చీల వరసలు వెయ్యడం మొదలైంది. మా సూపర్‌వైజర్ ఒక పెద్దాయన ఉన్నాడు, ఒడిశా నుంచి వచ్చి పదిహేనేళ్ళుగా మాతోనే ఉన్నాడు, ఆయన ప్రతి పదో వరస దగ్గర ఆగి ఒక కుర్చీలో కూర్చుని మోకాలికీ ముందు కుర్చీకీ మధ్య తన చెయ్యి పెట్టి చూసుకుంటాడు. ఆరున్నరకి మైక్ టెస్ట్. ఏడున్నరకి రిజిస్ట్రేషన్ డెస్క్ మీద బ్యాడ్జీలు. లోపలికి వచ్చిన డాక్టర్లలో ఒక్కరికి కూడా ఏడు గంటల క్రితం అక్కడ 2,200 మంది భోజనం చేశారన్న ఆనవాలు తెలియలేదు. ఎవరికీ ఏమీ తెలియకపోవడమే మా పనికి దొరికే మెప్పు. అది నీకు సరిపోతుందా లేదా నువ్వే ఆలోచించుకో.

ఇప్పుడు ఆ శనివారం బుకింగ్ చేసిన సేల్స్ అబ్బాయి ఎప్పుడూ రాత్రి డ్యూటీ చెయ్యనివాడైతే, రెండు ఈవెంట్ల మధ్య ఏడెనిమిది గంటలు చాలనుకుంటాడు, పన్నెండు నలభై సంగతి వాడి లెక్కలో ఉండదు. నేను అందుకే ఆపరేషన్స్ అంటున్నాను.

భద్రత గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ఉద్యోగంలో తప్పు చేస్తే దిద్దుకోలేనిది ఇదొక్కటే. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో మంటలు వచ్చినప్పుడు 59 మంది చనిపోయారు. ఎక్కువ మంది కాలిపోయి కాదు, పొగకి ఊపిరాడక. బాల్కనీలో అదనంగా వేసిన సీట్లు దారిని మూసేశాయి. మన హైదరాబాద్‌లో నుమాయిష్ ఎగ్జిబిషన్ ఉంది కదా, 1938లో మొదలై 1946 నుంచి నాంపల్లి గ్రౌండ్స్‌లో దాదాపు ప్రతి ఏడాదీ, మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరుగుతున్నది, అందులో 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి ఎన్నో స్టాళ్ళు బూడిదయ్యాయి. స్టాల్ పక్కనే స్టాల్, బట్టలు, చెక్క, ప్లాస్టిక్, మధ్యలో వేలాడే వైర్లు, అలాంటి చోట ఒక నిప్పురవ్వ చాలు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది పోయారు. అది లోపల కాదు, గేట్ల దగ్గర. మన బాధ్యత తలుపు దగ్గర మొదలవుతుందనుకుంటే పొరపాటు, రోడ్డు మీద జనం గుమిగూడటం మొదలైన క్షణం నుంచీ మనదే.

నాకు పని నేర్పిన మేనేజర్ గారు గేట్లు తెరవడానికి గంట ముందు హాలు చుట్టూ తిరిగి ప్రతి ఎమర్జెన్సీ తలుపునీ తన చేత్తో తోసి చూసేవారు. తాళం లేదని సెక్యూరిటీ చెప్తే ఒప్పుకునేవారు కాదు. తలుపుకి అడ్డంగా ఉన్న బార్ నొక్కాలి, తలుపు తెరుచుకోవాలి, అవతల పక్క ఏముందో చూడాలి. ఎన్నోసార్లు తలుపు తెరుచుకుంటుంది కానీ అవతల క్యాటరింగ్ వాళ్ళు గ్యాస్ సిలిండర్లు, ఖాళీ డబ్బాలు పెట్టి ఉంటారు. నేను ఇప్పటికీ ఆయన లాగే తిరుగుతాను. ఆరేడేళ్ళ క్రితం ఒక పెళ్ళికి స్టేజి పక్క గోడంతా పూల తెర కట్టారు, చాలా బాగుంది, నిజంగానే బాగుంది. కానీ ఆ తెర వెనక తలుపుంది. దాని మీదున్న ఆకుపచ్చ ఎగ్జిట్ బోర్డు కూడా పూలల్లో కప్పబడిపోయింది. సాయంత్రం ఐదింటికి నేను ఆ భాగం కత్తిరించమన్నాను. పెళ్ళికూతురి మేనమామ మీదికి వచ్చేశారు, "ఏమ్మా, లక్షలు పోసి కట్టించాం, శుభకార్యంలో మంటలంటావేంటి, నోట్లోంచి మంచి మాట రాదా" అని. నేను ఆయనతో వాదించలేదు. ఆయన్ని తెర వెనక్కి తీసుకెళ్ళి తలుపు తెరిచి చూపించి, "బాబాయ్ గారూ, కరెంటు పోయి పొగ వస్తే మీ అమ్మగారు ఏ దారిన బయటికి రావాలి?" అని అడిగాను. ఆవిడ అక్కడే మొదటి వరసలో చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆయన కాసేపు చూసి తనే డెకరేటర్‌ని పిలిచారు. ఆరడుగుల వెడల్పున తెర తీసేసి రెండు పక్కలా అరటి చెట్లు నిలబెట్టారు, ఫోటోల్లో కూడా బాగానే వచ్చింది.

ఇంకోటి హోమం. మన పెళ్ళిళ్ళలో హోమం ఉంటుంది, హాల్లో పొగ డిటెక్టర్లు ఉంటాయి. అంచేత ఆ భాగంలో డిటెక్టర్లని కాసేపు ఆపాల్సి వస్తుంది. ఎవరు ఆపారు, ఎన్నింటికి ఆపారు, ఆపినంత సేపు ఆర్పే సిలిండర్ పట్టుకుని అక్కడ ఎవరు నిలబడ్డారు, మళ్ళీ ఎన్నింటికి ఆన్ చేశారు, ఇదంతా రిజిస్టర్‌లో సంతకంతో ఉండాలి. ఆపడం అందరికీ గుర్తుంటుంది. ఆన్ చెయ్యడమే మర్చిపోతారు. నువ్వు చేరిన మొదటి వారంలోనే మీ సెంటర్‌లో ఈ రిజిస్టర్ ఉందో లేదో చూడు. లేకపోతే నువ్వే మొదలుపెట్టు, అడిగేవాళ్ళు లేకపోయినా.

ఇక తేదీల సంగతి. ఈ వ్యాపారంలో పాడైపోయే సరుకు తేదీ. ఇవాళ్టి హాలు ఇవాళ అమ్ముడుపోకపోతే రేపు దాన్ని అమ్మలేం. అందుకని మన ప్రాంతంలో హాలు నడిపే వెన్యూ మేనేజర్‌కి పంచాంగం చదవడం రావాలి, నేను మాట వరసకి అనడం లేదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్ళిళ్ళకి శూన్యం. మూఢం వస్తే మంచి నెల కూడా ఖాళీ. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకంలో గట్టి ముహూర్తం ఉన్న రోజు ఒక్క హాలు కోసం పది కుటుంబాలు ఫోన్ చేస్తాయి. తెలివైన మేనేజర్ ఏం చేస్తాడంటే పంచాంగం రాగానే దాన్ని ముందు పెట్టుకుని, పెళ్ళిళ్ళు లేని నెలల్లోకి ఎగ్జిబిషన్లు, కంపెనీల వార్షిక సమావేశాలు, వైద్య సదస్సులు, పరీక్షలు, డీలర్ల మీటింగులు తెచ్చుకుంటాడు. సదస్సుల వాళ్ళు ఏడాది, రెండేళ్ళ ముందు తేదీ అడుగుతారు, పెళ్ళివాళ్ళు రెండు మూడు నెలల ముందు వస్తారు. ఎవరి కోసం ఏ తేదీ ఆపాలి, ఎంతకాలం ఆపాలి అన్నది ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన లెక్క. దానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ ఆ లెక్క మనిషి బుర్రలోనే జరగాలి.

డెస్క్ మీద నా మూడో ఏడాదిలో ఒక తప్పు జరిగింది. ఒక పాత కస్టమర్ ఫోన్ చేసి ఒక తేదీ అడిగారు, నేను "మీకేనండీ, ఉంచుతాను" అన్నాను, చిన్న చీటీ మీద రాసి పెట్టాను, రిజిస్టర్‌లో ఎక్కించలేదు. ఆ సాయంత్రం ఇంకో డెస్క్‌లో వేరే కుటుంబం దగ్గర అదే తేదీకి అడ్వాన్స్ తీసుకున్నారు. విషయం బయటపడే సరికి మొదటి వాళ్ళ శుభలేఖలు అచ్చయిపోయాయి. మా మేనేజర్ గారూ నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. పెళ్ళికూతురి నాన్నగారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. లోపలికి వెళ్ళి ఒక శుభలేఖ తెచ్చి టీపాయ్ మీద పెట్టారు, పసుపు రాసి ఉంది దానికి, కింద మా హాలు పేరు. అంతే, ఏమీ అనలేదు. వేరే చోట హాలు చూసి, ఎక్కువైన డబ్బు మేమే కట్టి, శుభలేఖలు మళ్ళీ వేయించి ఇచ్చాం. అయినా ఆ కార్డు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది. అప్పటినుంచి ఫోన్ పెట్టెయ్యక ముందే రిజిస్టర్‌లో రాస్తాను, ఎవరికైనా నోటిమాటగా హోల్డ్ ఇస్తే ఎన్ని గంటల దాకా అన్నది కూడా చెప్తాను, ఆ టైం దాటితే ఇంకెవరికో ఇచ్చే ముందు నేనే ఫోన్ చేసి అడుగుతాను.

ఫ్రంట్ ఆఫీస్ నుంచి వస్తున్నావు కాబట్టి మనుషులతో మాట్లాడటం నీకు వచ్చు. నువ్వు నేర్చుకోవాల్సింది కట్టడం, కరెంటు, ఏసీ. వీటిని చూసి భయపడకు, ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు. ఒక ఉదాహరణ. కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. 2,000 మంది కూర్చుంటే 200 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ లాగగలిగేది మూడున్నర కిలోవాట్లు. అంటే లైట్లు, ఎల్‌ఈడీ వాల్, ఎండ, వేడి వేడి బిర్యానీ, ఇవేవీ లెక్కలోకి రాకముందే జనం ఒంటి వేడికే 57 టన్నులు పోతాయి. అందుకే జనం రాకముందే హాలుని బాగా చల్లబరచాలి. వచ్చాక మొదలుపెడితే ఇక అందుకోలేం, తొమ్మిదింటికి పెళ్ళికొడుకు చెమటలు కక్కుతుంటాడు. చాలామంది కస్టమర్లు "ఇంకా ఎవరూ రాలేదు కదా, ఏసీ ఎందుకు" అంటారు, కొందరు ఓనర్లు కూడా బిల్లు చూసి అదే అంటారు. ఈ లెక్క చెప్పగలిగితే నీ మాట నెగ్గుతుంది.

కరెంటు కూడా అంతే. డెకరేటర్, సౌండ్ వాళ్ళు, ఎల్‌ఈడీ వాళ్ళు, క్యాటరింగ్ వాళ్ళు, నలుగురూ విడివిడిగా వచ్చి ఎక్కడ ప్లగ్ కనిపిస్తే అక్కడ పెట్టేస్తారు. ఎవరికి ఎంత లోడ్ కావాలో మూడు రోజుల ముందే కాగితం మీద తీసుకుని, ఎవరి లైన్ వాళ్ళకి ఇవ్వాలి. జనరేటర్‌లో డీజిల్ ఎంత ఉందో డిప్ స్టిక్‌తో నువ్వే చూడు, ఎవర్నీ అడగకు. పైనుంచి ట్రస్, అంటే లైట్లు, స్పీకర్లు తగిలించే లోహపు ఫ్రేము, వేలాడదీస్తామంటే ఒక్కో కొక్కెం పాయింట్‌కి ఎన్ని కిలోలు పడుతుందో రాసివ్వమను, రాసివ్వకపోతే వేలాడదియ్యనివ్వకు, ఎంత పెద్ద కంపెనీ అయినా సరే.

బాత్రూమ్‌ల గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. సదస్సులో 15 నిమిషాల టీ బ్రేక్ ఇస్తారు. ఆడవాళ్ళ వైపు పది గదులే ఉంటే, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు అనుకున్నా ఆ బ్రేక్‌లో వెళ్ళిరాగలిగేది 50 నుంచి 70 మంది. హాల్లో 500 మంది ఆడవాళ్ళున్నారు. మిగతావాళ్ళు ఏం చెయ్యాలి? అజెండా కాగితం రాగానే నేను చూసే మొదటి విషయం అది. బ్రేక్ 30 నిమిషాలు చెయ్యమని అడుగుతాను, లేదంటే మగవాళ్ళ వైపు ఒక బ్లాక్‌ని ఆ పూటకి బోర్డు మార్చి ఆడవాళ్ళకి ఇచ్చేస్తాను. పట్టు చీరలో, చంకలో పసిబిడ్డతో ఆ లైన్లో నిలబడిన వాళ్ళకే తెలుస్తుంది ఇదెంత పెద్ద విషయమో.

చట్టం వైపు నువ్వు తెలుసుకోవాల్సినవి: ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), పోలీసు అనుమతి, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్, పాటలు వేస్తే మ్యూజిక్ లైసెన్స్, మద్యం ఉంటే ఎక్సైజ్ పర్మిట్. హాలు అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంది, కొటేషన్‌లో అది విడిగా రాయకపోతే చివర్లో గొడవవుతుంది. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, మూసి ఉన్న హాలు లోపలైతే ఫర్వాలేదు. అందుకే లాన్ బుక్ చేసుకున్న వాళ్ళతో బరాత్ (పెళ్ళికొడుకు ఊరేగింపు) టైం ముందే ఖాయం చేసుకోవాలి. పది దాటాక బ్యాండ్ ఆపించడం పెళ్ళికొడుకు స్నేహితులతో తలపడే పని. ముందే రాతలో ఉంటే ఆ బాధ ఉండదు.

ఈ రంగానికి భవిష్యత్తు ఉందా అన్నావు. నేను చేరిన రోజుల్లో హైదరాబాద్‌లో పెద్ద సభ అంటే రవీంద్రభారతి, ఎల్బీ స్టేడియం, నిజాం కాలేజీ గ్రౌండ్స్, నాలుగైదు హోటళ్ళ బాల్‌రూములు. హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్ అప్పుడప్పుడే, 2003లో, వచ్చింది. 2006లో హెచ్‌ఐసీసీ (హైదరాబాద్ ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్) తెరుచుకుంది, ఆ ఏడాది మే నెలలోనే ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగింది. 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017 నవంబర్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు, అన్నీ అక్కడే. అలాంటి వాటికి పనిచేసిన కుర్రాళ్ళు ఇవాళ దేశమంతా పెద్ద పెద్ద వెన్యూల్లో ఉన్నారు. 2022లో ముంబైలో జియో వరల్డ్, 2023లో ఢిల్లీలో జులైలో భారత్ మండపం, సెప్టెంబర్‌లో యశోభూమి, ఇంత పెద్దవి వరసగా వచ్చాయి. కట్టడానికి డబ్బు దొరుకుతోంది, నడిపేవాళ్ళే దొరకడం లేదు. ఇది నేను ఇంటర్వ్యూలు చేస్తూ కళ్ళారా చూస్తున్న సంగతి. హోటల్ తెలిసినవాళ్ళు వస్తారు, వాళ్ళకి ఎగ్జిబిషన్ తెలియదు. ఎగ్జిబిషన్ తెలిసినవాళ్ళకి పెళ్ళి తెలియదు. రెండూ తెలిసి, కరెంటు ప్యానెల్ రూమ్‌లోకి వెళ్ళడానికి భయపడని మనిషి కోసం అందరూ వెతుకుతున్నారు.

కష్టం కూడా చెప్పాలి. మొదటి జీతాలు తక్కువ, 20 వేలకు అటూ ఇటూ. పండగలు, ఆదివారాలు మనవి కావు. స్నేహితుల పెళ్ళిళ్ళకి వెళ్ళలేవు, ఎందుకంటే వాళ్ళ ముహూర్తం రోజునే నీకు ఇంకో పెళ్ళి ఉంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హాళ్ళన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి, తర్వాత పెళ్ళికి 50 మంది అని పెట్టారు, 2,000 మంది హాల్లో 50 మంది అంటే ఎలా ఉంటుందో ఊహించుకో. మా దగ్గర మంచి మనుషులు చాలామంది ఆ ఏడాది వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు, కొందరు మళ్ళీ రాలేదు. కాబట్టి ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకునే అలవాటు మొదటి జీతం నుంచే చేసుకో. ఇంకా, ఈ రంగంలోకి రావాలనుకునే అమ్మాయిలెవరైనా ఇది చదువుతుంటే, రాత్రి డ్యూటీకి ఇంటిదాకా క్యాబ్ ఇస్తారా, రాత్రి షిఫ్ట్‌లో ఇంకో ఆడమనిషి ఉంటుందా, ఈ రెండూ చేరకముందే రాతలో అడగండి. నేను అడిగి ఉండాల్సింది, అడగలేదు, రెండేళ్ళు ఇబ్బంది పడ్డాను.

కోర్సుల గురించి. ఉన్న ఉద్యోగం మానేసి ఎంబీఏ చెయ్యకు. హోటల్ మేనేజ్‌మెంట్ చదవాలనుకునే చిన్నవాళ్ళకైతే విద్యానగర్ ఐహెచ్ఎం, గచ్చిబౌలి నిథమ్ లాంటివి ఉన్నాయి, నీకు ఆ దశ దాటింది. నీకు పనికొచ్చేవి చిన్న చిన్నవి: ఫైర్ సేఫ్టీ మీద ఒక షార్ట్ కోర్సు, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫాస్‌టాక్ శిక్షణ, ఎక్సెల్ గట్టిగా, ఆటోక్యాడ్ ప్లాన్లు గీయడం రాకపోయినా చదవడం. థియేటర్ పద్ధతిలో మనిషికి దాదాపు పది చదరపు అడుగులు, రౌండ్ టేబుళ్ళయితే పదిహేను, ఇలాంటివి నోటికి రావాలి. హిందీ బాగా మాట్లాడు, నీ దగ్గర పనిచేసే వాళ్ళలో సగం మందికి తెలుగు రాదు. ఏడెనిమిదేళ్ళ తర్వాత, మేనేజర్ స్థాయికి వచ్చాక, ఐఏవీఎం అని అమెరికాలో వెన్యూ మేనేజర్ల సంఘం ఒకటుంది, 1924లో పుట్టింది, వాళ్ళ సీవీఈ (సర్టిఫైడ్ వెన్యూ ఎగ్జిక్యూటివ్) సర్టిఫికెట్ గురించి ఆలోచించు. ఇప్పుడే వద్దు.

అమెరికా అంటే గుర్తొచ్చింది, అక్కడ ఈ పనికి రూపం వేరు. కన్వెన్షన్ సెంటర్లు చాలావరకు ఊరివి, కౌంటీవి, రాష్ట్రానివి. నడపడానికి ప్రైవేటు కంపెనీలకి ఇస్తారు. 2023 జులైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా మహాసభలు జరిగిన ఫిలడెల్ఫియా పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్ లాంటివి అన్నమాట. అక్కడ చాలా చోట్ల వంట, కరెంటు, పైకి వేలాడదీసే పని సెంటర్ నియమించిన వాళ్ళే చెయ్యాలి, బయటివాళ్ళని రానివ్వరు. మనవాళ్ళు పప్పు, గోంగూర, వేడి అన్నం కావాలంటే దానికి విడిగా ఒప్పందం చేసుకుని డబ్బు కట్టాలి. ఆ పద్ధతి మనకి మొదట విడ్డూరంగా అనిపిస్తుంది కానీ, ఎవరి పని ఎవరిదో అంత స్పష్టంగా రాసుకోవడం నాకు నచ్చుతుంది. మన దగ్గర సగం తగాదాలు రాసుకోకపోవడం వల్లే వస్తాయి.

ఇంట్లో వాళ్ళ సంగతి. "ఫంక్షన్ హాల్లో పని" అన్న మాట మా అమ్మ కూడా అంది, గుంటూరులో బంధువులకి నేను హోటల్లో ఆఫీసర్‌నని చెప్పేది. నువ్వు వాళ్ళతో వాదించకు. కుదిరితే ఒకసారి మీ నాన్నగారిని తీసుకొచ్చి హాలు ఖాళీగా ఉన్నప్పుడు చూపించు, ఆ తర్వాత నిండినప్పుడు చూపించు. మా అమ్మకి అలాగే చూపించాను. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని కెమెరాల్లో జనం వస్తుంటే చూసి, "ఇంతమందినీ నువ్వే చూసుకోవాలా" అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట అనలేదు.

ఒకటి చెయ్యి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందు ఆ సెంటర్ వాళ్ళని అడుగు, "ఒక శనివారం రాత్రి హాలు మార్చేటప్పుడు వచ్చి చూడొచ్చా" అని. ఒప్పుకున్నారంటే అది మంచి చోటు. ముందు తలుపు దగ్గర కాదు, వెనక లారీలు వచ్చే గేటు దగ్గర నిలబడు. తలుపులు తోసి చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, పనివాళ్ళకి రాత్రి రెండింటికి టీ, తిండి ఏమైనా పెడుతున్నారా, సూపర్‌వైజర్ మాట్లాడే తీరు ఎలా ఉంది, ఇవి చూడు. సేల్స్ సీటా, ఆపరేషన్స్ సీటా అన్నది తెల్లారే సరికి నీకే తేలిపోతుంది. గట్టి బూట్లు వేసుకుని వెళ్ళు, ఆ టైంలో నేలంతా తడిగా ఉంటుంది.